గ్రబ్‌లో పనిచేసిన కీబోర్డు కెర్నల్‌లో ఎందుకు మూగబోతుంది?

కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తారు. యంత్రం లేవగానే లినక్స్‌ను లోడ్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రాం మెనూలో బాణం కీలు చక్కగా పనిచేస్తాయి, ఎంటర్ కొడితే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లోడవుతుంది. తీరా లాగిన్ తెర వచ్చాక పాస్‌వర్డ్ కొడదామంటే ఒక్క అక్షరం పడదు. యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే అది మాత్రం శుభ్రంగా పనిచేస్తుంది. ముందుగా వచ్చే అనుమానం హార్డ్‌వేర్ పోయిందేమోనని. గ్రబ్‌లో పనిచేసిందంటే పోలేదనే అర్థం. అలాగని గ్రబ్‌లో పనిచేసింది కాబట్టి కెర్నల్‌లోనూ పనిచేసి తీరాలని అనుకోవడానికీ లేదు. గ్రబ్ మామూలుగా కీబోర్డును సొంతంగా నడపదు. ఏ కీ నొక్కారో యంత్రంలోనే పొందుపరిచిన బయాస్‌నో యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌నో అడిగి తెలుసుకుంటుంది. కెర్నల్ వచ్చాక ఫర్మ్‌వేర్ పక్కకు తప్పుకుంటుంది, కీబోర్డును నడిపే కోడ్, అంటే డ్రైవర్, నేరుగా చిప్‌తో మాట్లాడటం మొదలుపెడుతుంది. తేడా వచ్చేది ఆ చేతులు మారే చోటే.

కీబోర్డును పనికి సిద్ధం చేయడాన్ని ఇనిషియలైజేషన్ అంటారు. ఆ పెద్ద మాట వెనక జరిగేది కొన్ని బైట్ల ఇచ్చిపుచ్చుకోవడమే. డ్రైవర్ ఒకటి పంపుతుంది, కంట్రోలరో కీబోర్డో ఒకటి తిరిగి పంపుతుంది. ఏ బైట్ దగ్గర మాట తెగిందో కనుక్కుంటే డీబగ్గింగ్‌లో కష్టమైన భాగం అయిపోయినట్టే. లినక్స్ డ్రైవర్ ఇన్నేళ్లలో మారుతూ వచ్చిన తీరు చూస్తే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. కీబోర్డును ఎంత తక్కువ అడిగితే అంత క్షేమం. ప్రమాణం ప్రకారం అడగదగ్గ ప్రశ్నే అయినా, అవసరం లేకపోతే అడగకపోవడమే మేలని ఆ డ్రైవర్ రాసేవాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్నారు.

1984 నాటి చిప్

1984లో వచ్చిన ఐబీఎం పీసీ/ఏటీలో కీబోర్డు కంట్రోలర్‌గా ఇంటెల్ 8042 అనే చిన్న మైక్రోకంట్రోలర్‌ను పెట్టారు. 1987లో పీఎస్/2 యంత్రాలు వచ్చినప్పుడు దానికే మౌస్ పోర్టు కూడా తోడైంది. ఆ చిప్ ఇప్పుడు విడిగా ఎక్కడా కనిపించదు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ, ఫ్యాన్ల సంగతి చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ ఒకటి ఉంటుంది. చాలా మోడళ్లలో కీల మ్యాట్రిక్స్‌ను స్కాన్ చేసేదీ అదే, ప్రాసెసర్ ముందు 8042లా నటించేదీ అదే. ఆ నటన ఎంత బాగా కుదురుతుందన్నది ఫర్మ్‌వేర్ రాసినవాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు ఎక్కువగా పరీక్షించేది విండోస్‌తో. అక్కడి డ్రైవర్ పంపే వరుసకు భిన్నంగా ఇంకెవరైనా పంపితే ఏమవుతుందో ఫ్యాక్టరీలో ఎవరూ చూసి ఉండకపోవచ్చు.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో లోపలి కీబోర్డు యూఎస్‌బీ మీదో ఐ2సీ మీదో ఉంటుంది. వాటికి ఇక్కడ చెప్పేదేదీ వర్తించదు కాబట్టి ముందు అది తేల్చుకోవాలి. కెర్నల్ లాగ్‌లో "ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 కీబోర్డ్" అనే వరుస కనిపిస్తే ఆ యంత్రంలో ఉన్నది 8042 దారే.

ఈ కంట్రోలర్‌కు రెండే తలుపులు: డేటాకు పోర్ట్ 60, స్టేటస్‌కూ కమాండ్లకూ పోర్ట్ 64. (ఇక్కడి నుంచి పోర్టుల నంబర్లు, బైట్ల విలువలు అన్నీ హెక్సాడెసిమల్‌లోనే.) స్టేటస్ చదివితే వచ్చే బైట్‌లో అడుగున ఉన్న రెండు బిట్లు ముఖ్యం. బిట్ 0 ఒకటిగా ఉంటే మనం చదవాల్సిన బైట్ ఒకటి సిద్ధంగా ఉందని అర్థం. బిట్ 1 ఒకటిగా ఉంటే మనం ఇంతకుముందు రాసినది కంట్రోలర్ ఇంకా తీసుకోలేదు, ఆగమని అర్థం. బిట్ 5 ఒకటైతే సిద్ధంగా ఉన్న బైట్ మౌస్‌ది. ఈ బిట్ చూడకుండా డేటా చదివే డ్రైవర్లు టచ్‌ప్యాడ్ కదలికలను కీలుగా పొరబడతాయి. అలాగే స్టేటస్ చదవడం, డేటా చదవడం రెండూ ఒకే లాక్ కింద జరగాలి. మధ్యలో ఇంకెవరైనా దూరి చదివేస్తే బిట్ 5 చెప్పింది ఒక బైట్ గురించి, చేతికొచ్చింది ఇంకో బైట్ అవుతుంది.

8042కు కీబోర్డుతో సంబంధం లేని ఉద్యోగాలు కూడా అంటగట్టారు. మెమరీ అడ్రస్‌లో ఒక బిట్‌ను మోసే ఏ20 అనే లైన్‌ను తెరవడం, మూయడం దాని పనే. ప్రాసెసర్‌ను రీసెట్ చేయడం కూడా దాని పనే. పోర్ట్ 64కు ఎఫ్‌ఈ పంపితే యంత్రం రీబూట్ అవుతుంది. లినక్స్‌లో కీబోర్డు కంట్రోలర్ ద్వారా రీబూట్ చేసే పద్ధతి నేటికీ ఉంది. అదే ఎఫ్‌ఈ పోర్ట్ 60 ద్వారా కీబోర్డుకు వెళ్తే "ఇందాక పంపింది మళ్లీ పంపు" అని అర్థం. సొంతంగా డ్రైవర్ రాసుకుంటున్నప్పుడు పోర్ట్ నంబర్ ఒక్కటి తప్పు పడి యంత్రం దానంతటదే రీబూట్ అవుతుంటే కారణం కోసం ఎంత వెతికినా దొరకదు.

ఏఏ అనే బైట్ ఇంకా తికమక పెడుతుంది. పోర్ట్ 64కు రాస్తే కంట్రోలర్‌ను సెల్ఫ్ టెస్ట్ చేసుకోమని చెప్పినట్టు. అన్నీ బాగుంటే 55 అని జవాబు వస్తుంది. కీబోర్డు నుంచి ఏఏ వస్తే తన సొంత పరీక్ష పాసయ్యానని చెబుతున్నట్టు. మామూలుగా టైప్ చేస్తున్నప్పుడు అదే ఏఏ వస్తే ఎడమ షిఫ్ట్ కీ వదిలారని అర్థం. కాబట్టి ఇనిషియలైజేషన్ లాగ్ చదివేటప్పుడు ఒక బైట్‌ను విడిగా చూసి ఇదీ అని చెప్పడం కుదరదు. ఎటు నుంచి ఎటు వెళ్లింది, దాని ముందు ఏముంది అన్నది చూడాలి.

వరుస, ఆ వరుసలోని గోతులు

పుస్తకాల్లో కనిపించే వరుస ఇలా ఉంటుంది. ముందు కీబోర్డు, మౌస్ పోర్టులు రెండూ ఆపేయాలి. బఫర్‌లో మిగిలిపోయినవి చదివి పారేయాలి. కంట్రోలర్ సెట్టింగులుండే కమాండ్ బైట్ చదివి, అందులోని ఇంటరప్ట్ (బైట్ వచ్చిందని ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) బిట్లు తీసేసి తిరిగి రాయాలి. కంట్రోలర్ సెల్ఫ్ టెస్ట్ చేయాలి, పోర్ట్ టెస్ట్ చేయాలి. ఆపైన కీబోర్డుకు ఎఫ్‌ఎఫ్ పంపి రీసెట్ చేయాలి, ఎఫ్2 పంపి ఎవరని అడగాలి, ఎఫ్4 పంపి ఇక కీలు పంపవచ్చని చెప్పాలి. చివర్లో ఇంటరప్ట్ బిట్లు మళ్లీ పెట్టాలి.

ఎంఐటీలో చాలాకాలం పాఠంగా చెప్పిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం ఎక్స్86 (ఇంటెల్ తరహా పీసీ ప్రాసెసర్లు) రూపంలో ఇవేవీ చేయదు. కీబోర్డు ఇంటరప్ట్‌ను ప్రాసెసర్ దాకా వచ్చేలా చేసి, వచ్చినప్పుడు 64, 60 చదువుకుంటుంది, అంతే. బయాస్ అప్పటికే అంతా సర్దిపెట్టి ఉంటుందన్న నమ్మకంతో బతికేస్తుంది. పాఠానికి అది చాలు. అయితే దాన్ని చూసి నేర్చుకున్నవారు అసలు యంత్రం మీద సొంత డ్రైవర్ నడిపినప్పుడు మొదటి గోతిలో పడతారు.

ఆ మొదటి గొయ్యి ఇది. బూట్ అవుతుండగా ఎవరో ఒక కీ నొక్కారు. బైట్ వచ్చి కంట్రోలర్ బఫర్‌లో కూర్చుంది, ఇంటరప్ట్ లైన్ లేచింది. అప్పటికి ఇంటరప్ట్ వస్తే నడవాల్సిన కోడ్, అంటే హ్యాండ్లర్, ఇంకా సిద్ధం కాలేదు, లైన్ మాస్క్ చేసి, అంటే మూసి ఉంది. ఇంటరప్ట్‌లను ప్రాసెసర్‌కు చేరవేసే ఐఓ ఏపిక్ అనే భాగంలో ఎడ్జ్ పద్ధతిలో (లైన్ మారిన క్షణాన్నే పట్టుకునే పద్ధతి) ఉన్న లైన్‌కు, మాస్క్ చేసి ఉన్నప్పుడు వచ్చిన ఎడ్జ్ గుర్తుండదు. తర్వాత మాస్క్ తీసినా లాభం లేదు. ఇంటరప్ట్ వస్తే గానీ హ్యాండ్లర్ చదవదు, చదివితే గానీ బఫర్ ఖాళీ కాదు, ఖాళీ అయితే గానీ కొత్త బైట్ రాదు, కొత్త బైట్ వస్తే గానీ ఇంటరప్ట్ రాదు. కీబోర్డు చచ్చిపోయినట్టే కనిపిస్తుంది, అదీ ఎప్పుడో ఒకసారి మాత్రమే. బూట్ సమయంలో చేతులు కట్టుకుని కూర్చున్నవారికి ఈ సమస్య రాదు, అసహనంగా ఎంటర్ కొట్టేవారికే వస్తుంది. మందు చిన్నదే: ఇంటరప్ట్ తెరిచే ముందు బఫర్ ఖాళీ చేయాలి, తెరిచిన వెంటనే ఇంకోసారి చూడాలి. లినక్స్ డ్రైవర్ ఇంటరప్ట్ సెట్టింగులు మార్చే కొన్ని చోట్ల హ్యాండ్లర్‌ను తనే ఒకసారి ఊరికే పిలుస్తుంది, ఈలోపు ఏమైనా వచ్చిందేమోనని.

రెండోది దీనికి తిరగబడ్డ రూపం. ఇంటరప్ట్‌లు తెరిచి ఉంచే ఎఫ్‌ఎఫ్ పంపుతారు, ఆపైన లూప్‌లో స్టేటస్ చూస్తూ "అందింది" అని చెప్పే ఎఫ్‌ఏ కోసం ఎదురుచూస్తారు. ఎఫ్‌ఏ రానే వస్తుంది. అయితే లూప్ కంటే ముందు హ్యాండ్లర్ దాన్ని చదివేసి, అది ఏ కీనో అర్థంకాక పారేస్తుంది. లూప్ టైమౌట్ అవుతుంది. లాగ్‌లో "కీబోర్డు జవాబివ్వలేదు" అని పడుతుంది, నిజానికి ఇచ్చింది. జవాబు రాలేదన్న మెసేజ్‌ను ఎప్పుడూ యథాతథంగా నమ్మకూడదు. రాలేదా, వచ్చింది ఇంకెవరికైనా చేరిందా అన్నది విడిగా తేల్చుకోవాలి.

టైమౌట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రీసెట్ తర్వాత కీబోర్డు సొంత పరీక్షకు మామూలుగా అర సెకను నుంచి ముప్పావు సెకను పడుతుంది. లక్షసార్లు తిరిగే లూప్ పెడితే చాలనుకుంటారు. ఒక్కో పోర్ట్ రీడ్‌కు సుమారు ఒక మైక్రోసెకను వేసుకున్నా అది సెకనులో పదో వంతే. నకిలీ యంత్రాన్ని సృష్టించే క్యూఎమ్యూ అనే ప్రోగ్రాంలో మాత్రం ఇది ఎప్పుడూ పాసవుతుంది, ఎందుకంటే అందులోని నకిలీ కీబోర్డు అడిగిన వెంటనే జవాబిస్తుంది. క్యూఎమ్యూలో నడిచే డ్రైవర్ అసలు యంత్రం మీద ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. లినక్స్ రీసెట్ జవాబు కోసం 4 సెకన్ల దాకా, మిగతా కమాండ్ల జవాబుకు అర సెకను దాకా ఓపిక పడుతుంది.

టైమింగ్ బగ్‌ను ప్రింట్లతో వెతకడం ఇంకో తలనొప్పి. 115200 బాడ్ సీరియల్ పోర్ట్‌లో ఒక్కో అక్షరానికి దాదాపు 87 మైక్రోసెకన్లు పడతాయి, నలభై అక్షరాల వరుసకు మూడున్నర మిల్లీసెకన్లు. పీఎస్/2 తీగ మీద గడియారం 10 నుంచి 16.7 కిలోహెర్ట్జ్ మధ్య నడుస్తుంది, ఒక బైట్‌కు 11 బిట్లు. అంటే ఒక బైట్ రావడానికి పట్టేది ఒక మిల్లీసెకను అటూ ఇటూ. ఒక్క ప్రింట్ పెడితే మూడు నుంచి ఐదు బైట్ల సమయం ఆలస్యం చేసినట్టు. ప్రింట్ పెట్టగానే బగ్ మాయమవుతుంది, తీసేస్తే మళ్లీ వస్తుంది. అలా జరిగిందంటే అది టైమింగ్ బగ్గేనని దాదాపు ఖాయం. వచ్చిన ప్రతి బైట్‌ను టైమ్‌స్టాంప్‌తో సహా మెమరీలో ఒక రింగ్ బఫర్‌లో దాచి, పనంతా అయ్యాక ఒకేసారి ప్రింట్ చేయడం మంచి పద్ధతి.

కీలు పడుతున్నా తప్పుడు అక్షరాలు వస్తుంటే చూడాల్సింది కమాండ్ బైట్‌లోని బిట్ 6. ఒక్కో కీకి ఒక్కో కోడ్ ఇచ్చే పట్టికలను సెట్‌లు అంటారు. కీబోర్డు డిఫాల్ట్‌గా సెట్ 2 కోడ్‌లు పంపుతుంది, బిట్ 6 పెట్టి ఉంటే కంట్రోలర్ వాటిని పాత సెట్ 1లోకి మారుస్తుంది. సెట్ 2లో ఇంగ్లిష్ 'A' అక్షరం కోడ్ 1సీ, సెట్ 1లో అదే అక్షరం 1ఈ. సెట్ 1లో 1సీ అంటే ఎంటర్. 'A' నొక్కితే ఎంటర్ పడుతోందంటే ఇంకేమీ వెతకక్కర్లేదు, డ్రైవర్ ఒకటి అనుకుంటోంది, కంట్రోలర్ ఇంకొకటి చేస్తోంది. సెల్ఫ్ టెస్ట్ చేశాక కొన్ని కంట్రోలర్లు కమాండ్ బైట్‌ను మొదటికి తెచ్చేస్తాయి కాబట్టి, టెస్ట్‌కు ముందు ఉన్న విలువను దాచి మళ్లీ రాయకపోతే ఈ తప్పు తేలిగ్గా జరుగుతుంది. ఎవరని అడిగితే కీబోర్డు చెప్పే ఐడీని కూడా ఈ మార్పిడి వదలదు. ఎఫ్2కు కీబోర్డు ఏబీ 83 అని జవాబిస్తే మార్పిడి ఉన్నప్పుడు డ్రైవర్‌కు అందేది ఏబీ 41. కారణం సరదాగా ఉంటుంది: 83 అన్నది సెట్ 2లో ఎఫ్7 కీ కోడ్, సెట్ 1లో ఎఫ్7 కోడ్ 41. అది కీ కాదని, ఐడీ అని కంట్రోలర్‌కు తెలియదు.

అన్నట్టు, ఇంగ్లిష్ అక్షరాలు సరిగ్గా పడుతూ తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో మాత్రం తప్పుగా వస్తుంటే అది ఈ డ్రైవర్ తప్పు కాదు. డ్రైవర్ పని కీ నంబర్ చెప్పడంతో అయిపోతుంది. ఆ నంబర్‌కు క పడాలా, ఇంకేదో పడాలా అన్నది పైనున్న లేఅవుట్ చూసుకుంటుంది.

ఎక్కడ తెగిందో చూడటం

లినక్స్‌లో మొదట చూడాల్సింది ప్రాక్ (/proc) ఫోల్డర్ కింద ఉండే ఇంటరప్ట్స్ ఫైల్. అందులో 1వ నంబర్ ఇంటరప్ట్ ఎదురుగా 8042 డ్రైవర్ పేరు ఉంటుంది. ఆ వరుసే లేకపోతే డ్రైవర్ కీబోర్డు పోర్ట్‌ను తెరిచే దాకా రాలేదు. వరుస ఉండి, కీ ఎన్నిసార్లు నొక్కినా అంకె కదలకపోతే కంట్రోలర్ బైట్ ఇవ్వడం లేదు, లేదా ఇచ్చిన కబురు ప్రాసెసర్‌కు అందడం లేదు. అంకె పెరుగుతూ ఉంటే కింది భాగం బాగానే ఉంది, గొడవ పైన ఉంది. మామూలు కీ ఒకసారి నొక్కి వదిలితే అంకె రెండు పెరగాలి, నొక్కినందుకు ఒకటి, వదిలినందుకు ఒకటి. కీబోర్డు మూగబోయినవారు ఈ ఫైల్‌ను యూఎస్‌బీ కీబోర్డుతోనో నెట్‌వర్క్ ద్వారానో చూడాల్సి ఉంటుంది, అది వేరే సంగతి.

తర్వాతి మెట్టు 8042 డ్రైవర్‌కున్న డీబగ్ ఆప్షన్. బూట్ వరుసలో అది ఇస్తే వెళ్లిన, వచ్చిన ప్రతి బైట్ కెర్నల్ లాగ్‌లో పడుతుంది, బాణం గుర్తుతో సహా. 20 వెళ్లింది, 47 వచ్చింది అని కనిపిస్తే డ్రైవర్ కమాండ్ బైట్ అడిగింది, కంట్రోలర్ చెప్పింది. 47 అంటే రెండు ఇంటరప్ట్‌లూ తెరిచి, మార్పిడి పెట్టి ఉన్నాయని. కాసేపటికి 60 అనే కమాండ్ (ఇది పోర్ట్ నంబర్ కాదు), దాని వెంట 74 వెళ్తే ఇంటరప్ట్‌లు తీసేసి రెండు పోర్టులనూ ఆపినట్టు. ఎఫ్2 వెళ్లాక ఎఫ్‌ఏ, ఆపైన ఏబీ, 41 రావాలి. ఎఫ్2 తర్వాత ఏమీ లేకుండా అర సెకను ఖాళీ కనిపిస్తే మాట తెగింది అక్కడే. బాగా పనిచేసే ఇంకో యంత్రం లాగ్‌ను పక్కన పెట్టుకుని వరుసకు వరుస పోల్చడం అన్నిటికంటే తొందరగా దారి చూపిస్తుంది.

ఆ లాగ్‌లో 8042 డ్రైవర్ మెతకతనం కూడా కనిపిస్తుంది. కమాండ్ బైట్‌ను ఒకసారి చదివి నమ్మదు, వరుసగా రెండుసార్లు ఒకే విలువ వచ్చే దాకా చదువుతుంది. మామూలు పీసీల్లో బూట్ సమయంలో సెల్ఫ్ టెస్ట్ తనంతట తాను చేయదు, సస్పెండ్ నుంచి లేచేటప్పుడో, వాడేవారు రీసెట్ ఆప్షన్ ఇచ్చినప్పుడో చేస్తుంది. చేసినప్పుడు కూడా ఐదుసార్లు ప్రయత్నించి, అయినా 55 రాకపోతే ఎక్స్86 మీద "సరే, ముందుకు వెళ్దాం" అన్నట్టు కొనసాగిస్తుంది. టెస్ట్ ఫెయిలైనా కీబోర్డు పనిచేయవచ్చన్న ఆశతోనే ఇలా చేస్తున్నామని, నెట్‌బుక్‌లలో ఇది మరీ ముఖ్యమని ఆ కోడ్‌లోని వ్యాఖ్యే చెబుతుంది. కీబోర్డుకు ఎఫ్‌ఎఫ్ పంపడం కూడా ఎక్స్86లో డిఫాల్ట్‌గా లేదు. పుస్తకంలోని వరుసకూ ఇరవై ఏళ్లు జనం మధ్య నలిగిన డ్రైవర్‌కూ తేడా ఇదే.

లైన్ ఎటు కదులుతుంది?

ఇంటరప్ట్ అంకె కదలని కేసుల్లో ఈమధ్య ఎక్కువగా కనిపించిన కారణం కంట్రోలర్‌లో కాదు, హార్డ్‌వేర్ వివరాలను ఫర్మ్‌వేర్ కెర్నల్‌కు చెప్పే ఏసీపీఐ పట్టికలో ఉంది. ఐబీఎం నాటి సంప్రదాయం ప్రకారం ఇంటరప్ట్ 1 ఎడ్జ్ పద్ధతిలో, లైన్ పైకి లేచినప్పుడు మోగుతుంది. పాత బయాస్‌లు తమ పట్టికల్లో తప్పుడు వివరాలు రాసేవి కాబట్టి, పట్టిక వేరేగా చెప్పినా లినక్స్ దాన్ని పక్కన పెట్టి పాత సంప్రదాయాన్నే పాటించేది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌ల పట్టికలో ఈ లైన్ కిందికి పడినప్పుడు మోగుతుందని రాసి ఉంది, అది నిజం కూడా. కెర్నల్ అలవాటు ప్రకారం దాన్ని "సరిదిద్ది", లాగ్‌లో "ఐఆర్‌క్యూ 1 ఓవర్‌రైడ్" (ఐఆర్‌క్యూ అంటే ఇంటరప్ట్ లైనే) అని ఒక వరుస రాసి, లేచే ఎడ్జ్ కోసం చూస్తూ కూర్చుంటుంది. బైట్ చదివితేనే లైన్ పైకి లేస్తుంది, లైన్ లేస్తేనే బైట్ చదువుతారు. మళ్లీ అదే ముడి.

2021లో ఇలాంటి యంత్రాల కోసం మోడల్ పేర్లతో ఒక మినహాయింపుల జాబితా మొదలైంది. ఆసుస్ వివోబుక్‌ల వంటివి తర్వాత అందులో చేరాయి. 2022లో ఏఎమ్‌డీ జెన్ ప్రాసెసర్లున్న యంత్రాలన్నిటికీ ఈ దిద్దుబాటు మానేయాలని నిర్ణయించారు. దాంతో చాలా ల్యాప్‌టాప్‌లు బాగుపడ్డాయి, అయితే పాత సంప్రదాయమే కావాల్సిన కొన్ని లెనోవో, ఎక్స్‌ఎంజీ మోడళ్లలో కీబోర్డు ఆగిపోయింది. వాటికోసం మినహాయింపుకు మినహాయింపు రాయాల్సి వచ్చింది. ఏ నియమం పెట్టినా ఎవరో ఒకరి కీబోర్డు పోతూనే ఉంది. గ్రబ్‌లో పనిచేసి లినక్స్‌లో మూగబోయే కేసుల్లో ఈ ఓవర్‌రైడ్ వరుస కోసం మొదటే వెతకడం సమయం మిగులుస్తుంది.

అడగని ప్రశ్న

ఇక 2023 చివర్లో మొదలైన ఉదంతం. అప్పటికే కొత్త ల్యాప్‌టాప్‌లు వాడేవారి నుంచి ఒకే రకం ఫిర్యాదులు పేరుకున్నాయి. కీబోర్డు పనిచేయదు, 8042 డ్రైవర్‌కు డంబ్‌కేబీడీ అనే ఆప్షన్ ఇస్తే పనిచేస్తుంది. ఆ ఆప్షన్ పెడితే డ్రైవర్ కీబోర్డు చెప్పేది వింటుందే గానీ తిరిగి ఏమీ పంపదు. అందుకని క్యాప్స్‌లాక్ లైట్ వెలగదు. అది చిన్న నష్టమే అయినా ఒక జాడ చెబుతోంది: డ్రైవర్ పంపే ఏదో ఒక మాటే ఎంబెడెడ్ కంట్రోలర్‌ను తికమక పెడుతోంది. ఆ మాట ఎఫ్2, ఎవరు నువ్వు అన్న ప్రశ్న. పెళ్లిచూపుల్లో అక్కర్లేని ఒక్క ప్రశ్న అడిగి సంబంధం చెడగొట్టుకున్నట్టయింది.

కెర్నల్ డెవలపర్ హాన్స్ డి గోడ్ ఒక్కో మోడల్‌ను జాబితాలో చేర్చుకుంటూ పోయే బదులు ఆ ప్రశ్న అసలు ఎందుకు అడుగుతున్నామని చూశారు. పోర్ట్‌కు పొరపాటున మౌసో టచ్‌ప్యాడో తగిలి ఉంటే దాన్ని కీబోర్డు అనుకోకుండా ఉండటానికి. మార్పిడి పెట్టి ఉన్న పోర్ట్‌కు మౌస్ తగిలే అవకాశం ఎలాగూ లేదు. కాబట్టి ల్యాప్‌టాప్‌లో, మార్పిడి ఉన్న పోర్ట్‌లో ఎఫ్2 మానేస్తూ మార్పు చేశారు. ఈ తర్కంలో ఎక్కడా లోపం కనిపించదు.

అయినా కథ అక్కడితో ఆగలేదు. డెల్ ఎక్స్‌పీఎస్ 13 మోడళ్లు 9350, 9360, 9370లలో సస్పెండ్ చేసి లేపాక కీబోర్డు పనిచేయడం మానేసింది. డ్రైవర్‌కు ఐడీ దొరకని సందర్భంలో కనీసం లైట్లు వెలిగించే కమాండ్ పంపి చూసే పాత అలవాటు ఉంది, ఏ కీబోర్డైనా దానికి జవాబిస్తుందన్న లెక్కతో. ఎఫ్2 మానేశాక పని ఆ దారికి మళ్లింది, నిద్ర లేచిన ఆ యంత్రాల్లో లైట్ల కమాండ్ ఫెయిలవుతోంది. ఎఫ్2 ముందు పంపితే పనిచేసే లైట్ల కమాండ్, పంపకపోతే ఎందుకు ఫెయిలవుతుందో అంతుచిక్కలేదు, వింతగా ఉన్నా జరుగుతున్నది ఇదేనని ఆ మార్పు వివరణలోనే రాశారు. 2024 జనవరిలో వచ్చిన సవరణ ఆ రెండో ప్రశ్నను కూడా తీసేసింది.

దాంతో పాటే ఇంకో సవరణ. ఎఫ్2 మానేయడానికి ఫంక్షన్ మధ్యలోంచే బయటికి వచ్చేయడంతో, చివర్లో జరగాల్సిన ఇంకో పని కూడా తప్పిపోయింది. కీబోర్డును కాసేపు నోరుమూసుకోమని చెప్పే కమాండ్ అది. అది లేకపోతే, నిద్ర లేచే సమయంలో ఎవరైనా పై బాణం కీ నొక్కితే వచ్చే ఈ0, 48 అనే రెండు బైట్లలో మొదటిది డ్రైవర్ ఇంకా వినడం మొదలుపెట్టక ముందే పోవచ్చు. మిగిలిన 48 నంబర్ ప్యాడ్‌లోని 8గా మారిపోతుంది. అప్పటికి దాదాపు పదేళ్ల కిందట సరిచేసిన బగ్ ఇది, దాన్ని తిరిగి తెచ్చే ప్రమాదం కనిపించి ఆ కమాండ్‌ను యథాస్థానంలో పెట్టారు. ఒక ప్రశ్న తీసేయాలంటే, దాని చుట్టూ ఇన్నేళ్లుగా ఏమేం అల్లుకున్నాయో కూడా చూడాల్సి వస్తుంది.

సొంత యంత్రంలో ఇలాంటిది ఎదురైనప్పుడు డంబ్‌కేబీడీ తాత్కాలికంగా పని గడవడానికి పనికొస్తుంది, అంతకంటే ముఖ్యంగా తప్పు ఎటువైపు ఉందో చెబుతుంది. అది పెట్టగానే కీబోర్డు లేస్తే గొడవ కమాండ్ల దగ్గర ఉంది. పెట్టినా లేవకపోతే, ఇంటరప్ట్ అంకె కూడా కదలకపోతే, ఏసీపీఐ పట్టిక వైపు చూడాలి. కెర్నల్ డెవలపర్లకు రిపోర్టు పంపేటప్పుడు మోడల్ పేరు, బయాస్ వెర్షన్, డీబగ్ ఆప్షన్‌తో తీసిన పూర్తి లాగ్, చివరిసారి కీబోర్డు పనిచేసిన కెర్నల్ వెర్షన్ జతచేస్తే వాళ్ల పని చాలా తేలికవుతుంది. డీబగ్ లాగ్‌లో మామూలు కీల బైట్లు నక్షత్రం గుర్తులతో కప్పేసి ఉంటాయి. వాటినీ చూపించే ఆప్షన్ విడిగా ఉంది. అది ఇచ్చి లాగ్ తీస్తే లాగిన్ తెర మీద కొట్టిన పాస్‌వర్డ్ బైట్ తర్వాత బైట్‌గా అందులో ఉంటుంది కాబట్టి, బయట పెట్టేముందు ఆ భాగం కత్తిరించాలి.